మనవాళ్ళెవరైనా ఉన్నారా?

(నీటిపారుదల శాఖలో మురుగు కాలువల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక ఇంజినీరు పాలకొల్లులో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, ఇక్కడికి వచ్చిన అందరికీ నమస్కారం. కరపత్రంలో నా ప్రసంగం పేరు 'భారత్, నెదర్లాండ్స్ జీవన ప్రమాణాల తులనాత్మక పరిశీలన' అని వేశారు. చూసి నేనే బెదిరాను. నేను ఆర్థికవేత్తను కాను. ఉద్యోగమంతా మురుగు కాలువల గట్ల మీద గడిచింది. అందుకని ఏ దేశం గురించి మాట్లాడమన్నా చివరికి మురుగు కాలువ దగ్గరికే వస్తాను. ముందే చెబుతున్నాను, ఇష్టం లేనివారు ఇప్పుడే కాఫీకి వెళ్ళవచ్చు.

మా అమ్మాయి, అల్లుడుగారు ఆ దేశంలో ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మాయికి పురుడు పోయడానికి మా ఇంటావిడ బయలుదేరితే నేనూ వెంట వెళ్ళాను. అక్కడి చలికాలం, వేసవి రెండూ చూసి వచ్చాను. వచ్చిన దగ్గరనుంచీ రైల్వే స్టేషనులో, పెళ్ళి పందిట్లో, చివరికి మందుల షాపులో కూడా అందరూ ఒకటే అడుగుతున్నారు. అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా? నేనూ ఒకటే జవాబు చెబుతున్నాను. ఎవరికి?

ఆ 'ఎవరికి' అన్నదే ఈ సాయంత్రం నా విషయం. కానీ ముందు ఒక లెక్కను పక్కన పెట్టేద్దాం. జీతాన్ని వందతో హెచ్చవేసే లెక్క. యూరో వంద రూపాయలకు అటూ ఇటూగా ఉంది కాబట్టి అక్కడ నెలకు నాలుగు వేల యూరోలంటే ఇక్కడ నాలుగు లక్షలని సంబంధాలు మాట్లాడేటప్పుడు చెప్పుకుంటాం. ఆ డబ్బు తెచ్చి పాలకొల్లులో ఖర్చు పెట్టేటట్టయితే నిజమే. అక్కడ ఒకసారి క్షవరానికి పాతిక, ముప్ఫై యూరోలు. అందుకే మా అల్లుడుగారు మిషను కొనుక్కున్నారు. నాకూ ఆయనే కత్తిరించారు. ఎలా కత్తిరించారన్నది ఈ సభకు అనవసరం.

ఇక సూచికలు. ఐక్యరాజ్యసమితి 2025లో వెలువరించిన మానవాభివృద్ధి నివేదికలో నెదర్లాండ్స్ 8వ స్థానంలో ఉంది, మనం 130వ స్థానంలో ఉన్నాం. సగటు ఆయుర్దాయం అక్కడ 82 ఏళ్ళు, మనకు 72. ఈ పదేళ్ళ తేడాను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. దేశాభిమానంతో కొట్టిపారేయగలిగిన అంకె కాదది. అదే ఏడాది ప్రపంచ సంతోష నివేదికలో వాళ్ళది 5వ స్థానం, మనది 118. దాని కోసం అడిగే ప్రశ్న ఏమిటంటే, సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెన ఒకటి ఊహించుకోండి, మీ బతుకు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో చెప్పండి అని. మన ఊళ్ళలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే ముందు పక్కింటాయన ఎంత చెప్పాడో కనుక్కుంటాం. తరువాత దిష్టి తగలకుండా మనది ఒక మెట్టు తగ్గించి చెబుతాం. కాబట్టి ఆ 118ని నేను కొంచెం అనుమానంగానే చూస్తాను.

అమెరికాను వదిలి నెదర్లాండ్స్‌తోనే పోల్చడం ఎందుకని అడగవచ్చు. మనది డెల్టా, వాళ్ళదీ డెల్టా. మనకు గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలున్నట్టే వాళ్ళకు రైన్, మాస్, షెల్ట్ నదుల పాయలున్నాయి. రెండు చోట్లా నది తెచ్చిన ఒండ్రు మీదే ఊళ్ళు వెలిశాయి. పైగా పాత పరిచయం కూడా ఉంది. పదిహేడో శతాబ్దంలో బట్టల వ్యాపారానికి వచ్చి ఈ పాలకొల్లులోనే కోఠీ పెట్టినవారు వాళ్ళు. 1824 ఒప్పందం తరువాత తమ స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిపోయారు. ఇప్పుడు మన పిల్లలు వాళ్ళ ఊళ్ళకు వెళుతున్నారు. సరే, నీళ్ళ సంగతికి వద్దాం.

ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో దిగినవారు మీలో ఉండే ఉంటారు. దాన్ని స్కిపోల్ అంటారు. మీ విమానం దిగిన ఆ నేల ఒకప్పుడు పెద్ద సరస్సు అడుగు. సరస్సు చుట్టూ గట్టు కట్టి, ఆవిరి యంత్రాలతో రాత్రింబవళ్ళు మూడేళ్ళకు పైగా నీరు తోడారు. నేల బయటపడింది 1852లో. అదే 1852లో మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. 1847లో కాటన్ దొర మొదలుపెట్టిన పని అది. ఆ ఏడాది వాళ్ళు నీటిని బయటికి తోడేశారు, మనం నీటిని పొలాల్లోకి తెచ్చుకున్నాం. డొక్కల కరువు చూసిన నేల మనది, కాబట్టి నీరు రావడమే మనకు పండగ. వచ్చిన నీరు ఎలా పోతుందన్నది తరువాతి మాట అనుకున్నాం. నన్నడిగితే మన డెల్టా కథ సగం ఆ 'తరువాత' అన్న మాటలోనే ఉంది. పంట కాలువకు విగ్రహాలు పెట్టుకున్నాం. మురుగు కాలువకు విగ్రహం ఎవరు పెడతారు!

వాళ్ళు తెలివైనవాళ్ళు, మనం కామని నేను అనడం లేదు. వాళ్ళకూ దెబ్బలు తగిలాయి. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి గట్లు తెగి 1,836 మంది చనిపోయారు. మనకు 1996 నవంబరు 6 తుపాను ఎలాంటిదో వాళ్ళకు అది అలాంటిది. ఆ రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా పడుకుండిపోయాయో ఇక్కడ నడివయసు దాటిన వారెవరికీ చెప్పనక్కరలేదు. తేడా తరువాత ఉంది. 1953 దెబ్బ తరువాత వాళ్ళు మొదలుపెట్టిన సముద్ర రక్షణ పనులు 1997 దాకా సాగాయి. నలభై ఏళ్ళకు పైగా ఎన్ని ప్రభుత్వాలు మారినా పని మాత్రం ఆగలేదు. పదివేల ఏళ్ళకోసారి వచ్చే ఉప్పెనను తట్టుకోవాలన్న లెక్కతో ముఖ్యమైన తీరానికి గట్లు కట్టారు. ఊస్టర్‌షెల్డ్ అనే చోట తొమ్మిది కిలోమీటర్ల పొడవున కట్టిన అడ్డుగోడను 1986 అక్టోబరులో ప్రారంభించారు. అదే 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఏటిగట్లు తెగాయి, నది మధ్య లంక ఊళ్ళు మునిగాయి. తరువాత మన గట్లనూ పెంచారు. పెంచబట్టే 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినా ప్రధాన గట్లు నిలిచాయి. మన శాఖ చేసిన మంచి పని కూడా చెప్పుకోవాలి కదా, ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. కానీ గట్టుకు లోపలున్న లంక ఊళ్ళవాళ్ళు ఆ జులైలోనూ పడవల్లోనే తిరిగారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక ఊళ్ళలో పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఈ అంకెలు వచ్చేస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ళ నీటిని చూసేది ఢిల్లీ లాంటి రాజధాని కాదు, కలెక్టరు లాంటి అధికారీ కాదు. నీటి బోర్డులు. దేశం మొత్తం మీద 21 ఉన్నాయి. వాటిలో రైన్‌లాండ్ బోర్డు 1255 నుంచీ ఉంది. రాజులు రాక ముందు, పార్లమెంటు రాక ముందు నుంచీ గట్టు పని, కాలువ పని చూసే సంఘాలవి. వాటికి సొంత పన్ను ఉంది, సొంత ఎన్నిక ఉంది. 2023 మార్చిలో ఎన్నికలు జరిగినప్పుడు మా అమ్మాయికి ఓటు చీటీ వచ్చింది. ఆమెకు ఆ దేశపు పౌరసత్వం లేదు, పార్లమెంటుకు ఓటు లేదు. కానీ అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్నది, నీటి పన్ను కడుతున్నది కాబట్టి కాలువను ఎవరు చూసుకోవాలో చెప్పే హక్కు ఉందన్నమాట. నా ఉద్యోగ జీవితంలో మురుగు కాలువ గురించి ఎవరైనా ఓటు అడగగా నేను చూడలేదు.

మా అమ్మాయి వాళ్ళ ఇంటి వెనక ఒక చిన్న కాలువ ఉంది. మన పంట బోదె అంత ఉంటుంది. గట్టున నీటిమట్టం కొలిచే కొల బద్ద పాతి ఉంది, సెంటీమీటర్ల గీతలతో. వేసవిలో ఇంత, చలికాలంలో ఇంత అని ప్రతి ప్రాంతానికీ నీటిమట్టాన్ని బోర్డు నిర్ణయిస్తుంది. నిర్ణయించే ముందు ముసాయిదాను ప్రకటించి అభ్యంతరాలు తీసుకుంటుంది. పాడి రైతుకు నేల ఆరి ఉండాలి. పాత ఇళ్ళ కింద కర్ర పునాదులుంటాయి, అవి కుళ్ళకుండా నీటిలోనే ఉండాలి. కొంగలకూ బాతులకూ తడి ఉండాలి. ఆ పేచీ అంతా సెంటీమీటర్ల మీద జరుగుతుంది. నేను రోజూ పొద్దున్నే లేచి వెళ్ళి ఆ బద్ద చూసేవాడిని. మా ఇంటావిడ ఆమ్‌స్టర్‌డామ్ చూపించమంటే ఈయన మురుగు కాలువ చూస్తున్నాడని అమ్మాయితో చెప్పుకుని నవ్వింది.

ఆకులు రాలే కాలంలో ఒకరోజు ఎదురుగా ఉన్న పాడి రైతు పొడుగు చేయి ఉన్న ట్రాక్టరుతో తన పొలం వెంట ఉన్న కాలువలో గడ్డి, నాచు, రెల్లు అన్నీ కోసి గట్టుకు లాగి పోశాడు. సొంతంగా, సొంత ఖర్చుతో. ఎందుకంటే చిన్న కాలువలను శుభ్రం చేసే బాధ్యత పక్క భూమి యజమానిదే. దానికి గడువు ఉంటుంది. గడువు దాటాక బోర్డు మనిషి వచ్చి కాలువ కాలువకూ నడిచి చూస్తాడు. శుభ్రం చేయకపోతే ముందు నోటీసు, తరువాత బోర్డే చేయించి ఖర్చు వసూలు చేస్తుంది. ఈ తనిఖీ వాళ్ళకు కొన్ని వందల ఏళ్ళ ఆచారం. వచ్చినవాడు చూసి, రాసుకుని, వెళ్ళిపోయాడు. 'ఫలానా వారి తాలూకు పొలం, చూసీ చూడనట్టు పొండి' అని ఎవరూ ఫోను చేయలేదు. నేను మాత్రం ఆ ఫోను కోసం ఎదురుచూశాను. అలవాటు!

ఇక్కడ యనమదుర్రు డ్రెయినూ, నక్కల డ్రెయినూ, అవతల కోనసీమలో కౌశిక డ్రెయినూ మీకు నేను పరిచయం చేయాలా? గుర్రపుడెక్క మీద కొంగ నడిచి వెళుతుంది, కాలు తడవదు. చట్టాలు లేక కాదు. మన గోదావరి, కృష్ణా డెల్టాల మురుగు కాలువల కోసమే 1968లో సెస్సు చట్టం చేశారు. రైతులే నీటిని చూసుకోవాలని 1997లో నీటి సంఘాల చట్టం చేశారు. ఆ చట్టం వచ్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను. దేశమంతా దానిని మెచ్చుకుంది. కానీ సొంతంగా పన్ను వేసుకునే శక్తి లేని సంఘానికి బోర్డు పలకే మిగులుతుంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గోదావరి నీళ్ళున్న చోట, కావాలని నాట్లు మానేశారు. గిట్టుబాటు ధర, కూలీల కొరత, వీటితో పాటు మురుగు. ఊడ్చిన చేను నెల తిరగకుండా మునిగితే ఏ ధర ఇచ్చి ఏమి లాభం? కారణాలు చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది, నివేదిక వచ్చింది. 2022లో మళ్ళీ అదే మాట వినిపించింది.

ఇది ఏ ఒక్క పార్టీ లోపమూ కాదు. మన దగ్గర ఏ పనికైనా మొదటి ప్రశ్న ఒకటుంది. మనవాళ్ళెవరైనా ఉన్నారా? ఆసుపత్రిలో మనవాళ్ళు, రిజిస్ట్రారు ఆఫీసులో మనవాళ్ళు, కరెంటాఫీసులో మనవాళ్ళు. నీళ్ళు చివరి భూములకు అందకపోతే లాకుల దగ్గర మనవాళ్ళు. మనవాళ్ళున్నవాడికి ఈ దేశంలో ఉన్నంత హాయి మరెక్కడా లేదని నేను ఒప్పుకుంటాను. ఒక్క ఫోనుతో పని అయిపోతుంది. డాక్టరుగారు రాత్రి పదింటికి ఇంటికి వచ్చి చూస్తారు. జీవన ప్రమాణం అంటే మనం సాధారణంగా ఆ మనిషిని లెక్కలోకి తీసుకునే మాట్లాడతాం. మనవాళ్ళెవరూ లేని మనిషి ఎలా బతుకుతాడన్నది చూస్తే రెండు దేశాల మధ్య దూరం తెలుస్తుంది.

మా అమ్మాయి కాన్పు సంగతి చెబుతాను. ఆ దేశంలో మామూలు కాన్పులను చూసేది మంత్రసానులు. చదువుకున్న, లైసెన్సు ఉన్న మంత్రసానులు. అవసరమైతేనే డాక్టరు. ఆపరేషన్ కాన్పులు అక్కడ సుమారు ఆరింట ఒకటి. మన రాష్ట్రంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 42. ఆ తేడాకు కారణం మన ఆడపిల్లల ఒళ్ళు బలహీనం కావడమని ఎవరైనా చెబితే వారికి నేను దండం పెడతాను. పుట్టిన కొన్ని గంటలకే తల్లీబిడ్డలను ఇంటికి పంపేశారు. మా ఇంటావిడ గుండె గుభేలుమంది. మర్నాడు పొద్దున్నే ఒక నర్సమ్మ తలుపు తట్టింది. బాలింతను చూసుకోవడానికి శిక్షణ పొందిన మనిషి. మొదటి వారం రోజులూ వచ్చింది. బిడ్డను తూచేది, జ్వరం చూసేది, పాలు పట్టడం నేర్పేది, పక్క దుప్పట్లు మార్చేది, స్నానాల గది కడిగేది. మా అల్లుడుగారికి బిడ్డకు నీళ్ళు పోయడం నేర్పింది. ఖర్చు చాలావరకు బీమాదే, వీళ్ళు కట్టింది గంటకు కొద్దిపాటి వంతు. ఈ సేవ ఇంజినీరు భార్యకే కాదు, సూపర్ బజారులో సరుకు సర్దే అమ్మాయికీ అంతే.

మా ఇంటావిడ బాలింతలకు పెట్టే కాయం సీసాలో తీసుకువెళ్ళింది. శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, నెయ్యి వేసి ఆవిడే స్వయంగా వండింది. నర్సమ్మ సీసా మూత తీసి వాసన చూసి, అందులో ఏముందో ఒక్కొక్కటీ అడిగి తన పుస్తకంలో రాసుకుంది. తినవచ్చు, ఇబ్బంది లేదంది. తరువాత తనూ ఒక ఉండ నోట్లో వేసుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, ఘాటుకు. ఆ రోజు నుంచి మా ఇంటావిడకు ఆ దేశం మీద గౌరవం పెరిగింది.

అయితే అదే దేశంలో నాకు దగ్గు పట్టుకుంటే ఫోనులో ఒక సహాయకురాలు పది ప్రశ్నలు అడిగి, పారాసెటమాల్ వేసుకోండి, వారం తరువాత తగ్గకపోతే చేయండి అంది. ఇక్కడ మన ఆర్‌ఎంపీ డాక్టరుగారైతే ఈ పాటికి ఒక ఇంజెక్షను పొడిచి, మనసుకు ధైర్యం చెప్పి పంపేవాడు. నాకు కోపం వచ్చింది. వారానికి దగ్గు తగ్గింది, దాంతో కోపం కూడా వ్యర్థమైపోయింది. అక్కడ పెద్దవాళ్ళందరూ తప్పనిసరిగా బీమా కట్టాలి, నెలకు నూట యాభై యూరోలకు పైగానే. ఆపైన ఏడాదిలో మొదటి 385 యూరోల ఆసుపత్రి ఖర్చు మనదే. పిల్లలకు ఉచితం. మనకు ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. అది ఎన్ని ఇళ్ళను అప్పులపాలు కాకుండా కాపాడిందో మీకు తెలుసు. మనవాళ్ళతో పని లేకుండా జరిగేవి మన దగ్గరా కొన్ని ఉన్నాయి. ఒకటో తారీకున నాలుగు వేల రూపాయల పింఛను వృద్ధురాలి గుమ్మంలోకి వస్తున్నది. అడగకుండా, ఎవరి సిఫారసు లేకుండా. చేయడం మనకు చేతకాక కాదన్నమాట.

రోడ్ల గురించి ఒక్క మాట. అక్కడ ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు సైకిలు మీద ఒంటరిగా బడికి వెళతారు. వాళ్ళ సంస్కృతే అంత అని చాలామంది అనుకుంటారు. కాదు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలే నాలుగు వందల మందికి పైగా. తల్లిదండ్రులు రోడ్ల మీద కూర్చున్నారు. కార్ల కోసం వేసిన రోడ్లను మార్చమన్నారు, మార్చేదాకా ఊరుకోలేదు. ఇప్పుడు ఏడాదికి ఏడు వందలకు అటూ ఇటూ. ఆ దేశ జనాభా కోటి ఎనభై లక్షలు. మన రాష్ట్రంలో 2022లో ఎనిమిది వేల మందికి పైగా పోయారు. జనాభా మూడింతలే కాబట్టి మిగతా లెక్క మీరే వేసుకోండి. రేపు పొద్దున్న ఎనిమిదింటికి జాతీయ రహదారి పక్కన నిలబడి, పిల్లలను కుక్కుకుని వెళ్ళే ఆటోలను చూడండి చాలు.

ఇంతవరకూ విన్నవారు ఈయన అక్కడే ఉండిపోకుండా ఎందుకు వచ్చాడని అనుకుంటారు. చెబుతాను. ఎవరినీ ఎరగనక్కరలేని వ్యవస్థే తప్పు చేస్తే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? పిల్లల సంరక్షణ కేంద్రాల ఖర్చుకు అక్కడి ప్రభుత్వం సాయం ఇస్తుంది. పన్నుల శాఖవాళ్ళు ఏళ్ళ తరబడి వేలాది కుటుంబాలను మోసగాళ్ళుగా ముద్ర వేసి, ఇచ్చినదంతా తిరిగి కట్టమన్నారు. కాగితంలో చిన్న తప్పు దొర్లినా పదివేల యూరోల బాకీ. వలస వచ్చిన కుటుంబాల మీద, రెండు దేశాల పౌరసత్వం ఉన్నవారి మీద ఎక్కువ అనుమానం. ఇళ్ళు పోయాయి, కాపురాలు చెదిరాయి. తలుపు తట్టి చెప్పుకోవడానికి మనిషి లేడు, వచ్చేది ఉత్తరమే. చివరకు 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గర అయితే ఆ శాఖలో పనిచేసే బావమరిది ఒకడు దొరికేవాడు. నవ్వకండి, ఒక్కొక్కసారి ఆ బావమరిదే మన రాజ్యాంగం.

గ్యాసు సంగతి కూడా ఇలాంటిదే. వాళ్ళ గ్రోనింగెన్ ప్రాంతంలో 1959లో నేల కింద గ్యాసు దొరికింది. దేశమంతా దానితో వెచ్చగా ఉంది, ఖజానా నిండింది. గ్యాసు తీసిన కొద్దీ నేల కుంగి భూకంపాలు మొదలయ్యాయి. 2012లో 3.6 తీవ్రతతో వచ్చింది. ఇటుక ఇళ్ళు బీటలు వారాయి. ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళవాళ్ళ మాట ప్రభుత్వంలో ఎవరూ వినలేదు. ఈ మాట నాది కాదు, 2023 ఫిబ్రవరిలో వాళ్ళ పార్లమెంటు కమిటీయే అక్కడి ప్రజల ప్రయోజనాలను పట్టించుకోలేదని తేల్చింది. అదే ఏడాది అక్టోబరు 1న గ్యాసు తీయడం ఆపేశారు. ఇంకా గ్యాసు మిగిలి ఉండగానే. ఇక మన కోనసీమలో పాశర్లపూడి. 1995 జనవరిలో అంటుకున్న గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. టీ పెట్టడానికి స్టవ్ వెలిగించగానే మంటలు అంటుకున్నాయని అప్పట్లో చెప్పుకున్నారు. సముద్రం అవతలా ఇవతలా డెల్టావాడి కష్టం ఒకే రకంగా మొదలవుతుంది. తరువాత ఎవరు జవాబు చెప్పారన్నది చూడండి.

ఇక మనకున్నది, వాళ్ళకు లేనిది. మా అమ్మాయి వాళ్ళ వీధిలో ఒక పెద్దాయన చనిపోయాడు. కర్మకాండ దాదాపు వారం తరువాత పెట్టుకున్నారు. వాళ్ళ చట్టం ఆరు పనిదినాల దాకా గడువు ఇస్తుంది. ఆహ్వాన పత్రిక వచ్చింది, ఫలానా సమయానికి, తరువాత కాఫీ అని. అంతా పద్ధతిగా, మర్యాదగా జరిగింది. కానీ ఆ వారం రోజులూ ఆ ఇంటి ముందు చెప్పులు కనిపించలేదు. మన దగ్గర అయితే కబురు తెలిసిన గంటలో వీధిలో కుర్చీలు వేస్తారు, పక్కింటివాళ్ళు కాఫీ ఫ్లాస్కులు మోసుకొస్తారు, ఎన్నాళ్ళుగానో మాటలు లేని దాయాది కూడా పాడె కట్టడానికి వెదురు నరుక్కుని వస్తాడు. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి. మా ఇంటావిడ కిటికీలోంచి చూసి, ఇంత శుభ్రంగా ఉన్న వీధిలో మనిషి అలికిడి లేదేమండీ అంది. మా అమ్మాయిని చూడడానికి వచ్చే స్నేహితులు కూడా మూడు వారాల ముందు తేదీ ఖాయం చేసుకునే వస్తారు.

కానీ ఈ వెచ్చదనం మాటున మనం దాచుకునేది ఒకటుంది. అది చెప్పకుండా కూర్చోను. విదేశాల నుంచి తిరిగి వచ్చిన మనవాళ్ళు, ఇక్కడే హాయి, ఇంట్లో పనికి మనిషి ఉంటుంది, వంటకు మనిషి ఉంటుంది, కొబ్బరి దింపుకు కబురు పెడితే మనిషి వస్తాడంటారు. నిజమే. అక్కడ మా అల్లుడుగారు గిన్నెలు కడిగి, నేల తుడిచి, చెత్త మోసుకెళ్ళి వేసి, ఆదివారం గోడకు రంగు వేసుకుంటారు. ఇక్కడి ఆ హాయి ఎవరి చౌక శ్రమ మీద నిలబడి ఉందో ఆ మనిషిని ఎప్పుడైనా అడిగామా? మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. కోనసీమ నుంచీ, ఈ పశ్చిమ డెల్టా నుంచీ అలా వెళ్ళినవారు ఎన్ని ఇళ్ళలో ఉన్నారో మీకు తెలుసు. తన పిల్లలను అమ్మ దగ్గర వదిలి, ఎవరో షేకు పిల్లలను పెంచుతోంది. మా ఇంట్లో ఆ తల్లి అంట్లు తోముతోంది. నిచ్చెన మీద ఏ మెట్టు అని ఆ తల్లీ కూతుళ్ళను అడిగితే వచ్చే జవాబే నాకు కావాలి. నా జవాబు వద్దు. పింఛను వచ్చే విశ్రాంత ఇంజినీరుకు ఏ దేశమైనా బాగానే ఉంటుంది.

నా మాట అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: అమ్మాయిని తిరిగి వచ్చేయమన్నారా?)

రమ్మనలేదు, వద్దనలేదు. తనే ఒకటి అడిగింది. పాపకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఇక్కడ సైకిలు మీద బడికి పంపగలరా నాన్నగారూ అని. బడి మంచిది ఉందమ్మా, రోడ్డు సంగతి మాత్రం నన్ను అడగకు అన్నాను.

(మరో శ్రోత, కౌలు రైతు: మీరు చెప్పిన ఆ తనిఖీ, జరిమానా ఇక్కడ పెడితే కౌలుదారు నెత్తినే పడుతుంది కదండీ? భూమి నాది కాదు, గుర్రపుడెక్క మాత్రం నాదా?)

చాలా మంచి ప్రశ్న, ఈ సభలో ఇంజినీరు అడగవలసింది మీరు అడిగారు. ఆ దేశంలో నోటీసు భూమి యజమాని పేరు మీదే వెళుతుంది. ఇక్కడ కూడా పాసు పుస్తకంలో ఎవరి పేరుంటే వారికే వెళ్ళాలి. ఆయన హైదరాబాదులో ఉన్నా, మా అమ్మాయిలాగా ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఉన్నా సరే. కౌలు శిస్తు గడువుకు ఒక్కరోజు ముందే ఫోను చేసేవారు మురుగు కాలువ గడువుకు కూడా ఫోను ఎత్తాలి. మీరు కోసి లాగి పోస్తే ఆ కూలి శిస్తులోంచి తగ్గాలి. ఈ సంగతి మీ కౌలు కాగితంలో రాయించుకోండి. కాగితమే లేదంటారా, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. సభ అయ్యాక ఒక్క నిమిషం ఆగండి, మీ ఊరి ఆయకట్టు మ్యాపు నా దగ్గర ఉంది.